దసరా వెళ్ళాక మంగళవారం

బొంబాయి,
12 ఆగస్టు 1968

అప్పకి, రాముడు బావకి, మరిడమ్మత్తకి నారాయణమూర్తి దండాలు.

క్షేమంగా ఉన్నానని రాస్తే నువ్వెలాగూ నమ్మవు, అందుకని ఏం తింటున్నానో రాస్తాను. పొద్దున్న రొట్టె, మధ్యాహ్నం అన్నం, అందులోకి తీపి వేసిన పప్పు. చేప దొరుకుతుంది గాని ఇక్కడివాళ్ళు దానికి కొబ్బరి పోసి పరువు తీసేస్తారు. నీ చేతి కవ్వళ్ళ పులుసు గుర్తొచ్చినప్పుడల్లా ఈ ఉద్యోగం ఎందుకొచ్చిందా అనిపిస్తుంది.

ఆఫీసులో నా సీటు మార్చారు. ఇంతవరకూ వచ్చిన ఉత్తరాల మీద నంబర్లు వేసేవాణ్ణి, ఇప్పుడు ఆకాశం నుంచి వచ్చే ఫొటోల మీద వేస్తున్నాను. నవ్వకు, నిజమే. అమెరికావాళ్ళు పైకి వదిలిన యంత్రం ఒకటి భూమి చుట్టూ తిరుగుతూ మబ్బుల్ని ఫొటో తీస్తుంది. మన నెత్తి మీదుగా వెళ్ళేటప్పుడు కీచుమని ఒక శబ్దం పంపుతుంది. మా మేడ మీది యాంటెనా ఆ శబ్దాన్ని పట్టుకుంటే, కింద ఒక మిషను దాన్ని కాగితం మీద గీతలు గీతలుగా దింపుతుంది. చూస్తూండగానే మన బంగాళాఖాతం మొత్తం అప్పడమంత అయి చేతిలోకొస్తుంది. భూమి మసకగా, నీళ్ళు నల్లగా, మబ్బులు తెల్లగా ఉంటాయి.

ఆ ఫొటోకి పేరు పెట్టడం నా పని. కవరు మూల యంత్రం పేరు, అది భూమి చుట్టూ తిరిగిన చుట్టు నంబరు, తేదీ, గంట రాయాలి. ఆ గంట కూడా లండన్ గంట. రాసి పెట్టెలో వరసన పెట్టాలి. రేపు ఏ ఆఫీసరో వచ్చి ఫలానా రోజుది కావాలంటే తీసివ్వాలి. పేరు తప్పు రాస్తే ఆ ఫొటో గదిలోనే ఉన్నా ఎవరికీ దొరకదు. అందుకని మా ఆఫీసరు నా వెనకాలే నించుని నేను రాసేదాకా కదలడు.

బావకి చెప్పు, ఇకమీద జాగ్రత్తగా ఉండమని. సముద్రం మధ్యలో తెప్ప ఆపేసి కునుకు తీస్తే నాకిక్కడ కనిపించిపోతుంది.

నీ తమ్ముడు,
నారాయణమూర్తి

---

ఇసకపాలెం,
3 నవంబరు 1968

తమ్ముడికి అప్ప బుల్లమ్మ రాసేది.

నాకు అక్షరాలు కుదురుగా రావడంలేదు, కూడబలుక్కుని చదువుకో. మీ బావ కనిపించడంలేదు.

ఈ ఏడు మన ఒడ్డున చేప లేదు. ఎప్పట్లాగే మన ఊరి మగాళ్ళు దసరాకి ముందే పూరీ వైపు వలసపోయారు. అత్తకి జ్వరం తగిలి మీ బావ ఒక్కడూ ఉండిపోయాడు. జ్వరం తగ్గాక తనూ బయల్దేరతానన్నాడు. నేను వద్దన్నాను. మన మావ సాలూరులో లారీల దగ్గర పని ఇప్పిస్తానన్నాడు, ఈ ఏడాదికి అక్కడికి పోదాం అన్నాను. ఆ మాటకి మీ బావకి ఎంత కోపం వచ్చిందో. "గంగలో పుట్టినోణ్ణి నాను. లారీలెక్కి బస్తాలు మొయ్యమంతావేటి?" అన్నాడు. నా నోరు ఊరుకోదు కదా. "అది కాదులే, గోపాలపురంలో నీకు వండెట్టేది ఉన్నాది, దాని కోసం ఎల్తన్నావు" అన్నాను. పోయినేడు అక్కడ ఒకామె ఇంట్లో భోంచేసేవాడని మనవాళ్ళు వచ్చి చెప్పిన మాట అది. మీ బావ నన్ను ఒకసారి చూసి, "ఉన్నాది. దాని దగ్గరికే ఎల్తన్నాను. మరి రాను" అని మూట పట్టుకుని బస్సెక్కేశాడు.

బారువలో మన చిన్నమ్మ కూతురు చిన్నతల్లి ఇంట్లో ఆ రాత్రి పడుకున్నాడట. తెల్లారి ఒడియావాళ్ళ నావ ఒకటి నీళ్ళ కోసం ఆగితే, గోపాలపురం దాకా ఎక్కించుకోమని అడిగి అందులో పోయాడు. పొద్దున్న బారువలో లేస్తే పొద్దుగూకేలోపల గోపాలపురం. అక్కణ్ణుంచి పూరీకి మనవాళ్ళ దగ్గరకి పోవాలి. పోలేదు. దీపావళికి వలసపోయినవాళ్ళలో గంగులు పూరీ నుంచి వచ్చి, "రాముడేడీ, ఇంకా రాలేదేటి?" అని మమ్మల్నే అడిగాడు. అప్పటిదాకా మాకు తెలీదు.

గంగులు మళ్ళీ గోపాలపురం వెళ్ళి వాకబు చేశాడు. ఆ రేవులో వచ్చే నావలు ఎన్నో, పోయే నావలు ఎన్నో, ఎవరికీ గుర్తులేదు. ఆ నావవాళ్ళది చిలక సరస్సు అవతల ఏ ఊరో చిన్నతల్లికి తెలీదు. గాలి లేచిందా అంటే ఒకడు లేచిందంటాడు, ఒకడు లేదంటాడు. నెలంతా వానే, ఏ రోజు గాలి ఏ రోజు వాన అన్నది ఎవరు లెక్కపెట్టుకుంటారు? ఆ ఆడమనిషి మాత్రం ఇల్లు ఖాళీ చేసి కటకం వైపు పోయిందట.

అత్త కర్మ చేద్దామంటోంది. కులపెద్ద తాతారావు మావ, శవం లేదు, చూసినవాడు లేడు, ఎలా చేస్తామంటున్నాడు. ఊళ్ళో సగంమంది చచ్చాడంటారు, సగంమంది కటకంలో ఉన్నాడంటారు. బావి దగ్గర నేను వెళ్ళేసరికి మాటలు ఆగిపోతాయి.

నువ్వు ఆకాశం నుంచి సముద్రం చూస్తావు కదా. దసరా వెళ్ళిన తర్వాతి మంగళవారం. బారువ నుంచి గోపాలపురం దాకా. ఆ నావ ఏమయిందో చూసి రాయి. మునిగితే మునిగిందని రాయి, ఏడుస్తాను. ఒడ్డు చేరితే చేరిందని రాయి. ఏదో ఒకటి తెలియకుండా నోట్లో ముద్ద దిగడంలేదు.

అప్ప

---

బొంబాయి,
14 నవంబరు 1968

అప్పా,

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. చదివి మెట్ల మీద కూర్చుండిపోయాను. బావ నాకు ఈత నేర్పిన రోజు, భయపడి మెడ కౌగిలించుకుంటే ఊపిరాడక తిడుతూ నవ్విన రోజు గుర్తొచ్చింది. అలాంటి మనిషి ఏమయిపోతాడు? ధైర్యంగా ఉండు అని రాయడం సులువు గాని నాకే ధైర్యం లేదు.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఆ ఫొటోలో నావ కనిపించదు. బావ కునుకు తీస్తే కనిపిస్తాడని రాసింది వేళాకోళం. అది ఎంతో ఎత్తునుంచి తీసిన ఫొటో. విశాఖపట్నం రేవే కనిపించదు, ఓడలే కనిపించవు. కనిపించేవి మబ్బులే. అయితే ఆ రోజు ఆ నీళ్ళ మీద గాలీవానా మబ్బు ఉందా లేదా అన్నది మాత్రం చెప్పొచ్చు. నీకు కావలసింది కూడా అదే కదా.

మంగళవారం అన్నావు గనక అది అక్టోబరు ఎనిమిది. వెతుకుతాను. అయితే వెంటనే దొరుకుతుందనుకోకు. ఆ నెల ఫొటోలు నేను సెలవులో ఉండగా వేరే అతను సర్దాడు. అతను తేదీ వరసన కాకుండా చుట్టు నంబరు వరసన పెట్టుకుపోయాడు. పైగా ఫొటో లండన్ గంటల్లో ఉంటుంది, తేదీ సరిచూసుకోవాలి. పెట్టెలు దింపి ఒక్కొక్క కవరూ చూడాలి. ఆఫీసరుకి సంగతి చెప్పాను. ఆయన తమిళుడు, మంచివాడు. సాయంత్రాలు ఉండి వెతుక్కోమన్నాడు.

నేను రాసేదాకా ఎవరు ఏమన్నా ఏ నిర్ణయమూ చెయ్యకు.

నారాయణమూర్తి

---

ఇసకపాలెం,
25 నవంబరు 1968

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నావ కనిపించదని రాశావు. మొన్న కనిపిస్తుందన్నావు, ఇప్పుడు కనిపించదంటావు. కనిపించింది చెప్పలేక అలా రాశావేమోనని నాకు అనుమానం. చిన్నప్పుడు నాన్న తెప్ప బోల్తాపడ్డ రోజున కూడా ఇంట్లో అందరికీ తెలుసు, నాకొక్కదానికే దాచారు. నేను ముంగిట్లో అష్టాచెమ్మా ఆడుకుంటూ కూర్చున్నాను. ఈసారి అలా చెయ్యకు. నేను పిల్లని కాను.

ఇంకో మాట. లండన్ గంటలు అన్నావు. లండన్ మంగళవారమూ మన మంగళవారమూ ఒకటేనా? లండన్ వాళ్ళకి తెల్లారేసరికి మనకి మధ్యాహ్నం అవుతుందని బళ్ళో చెప్పారు. వాళ్ళ మంగళవారం చూసి నాకు రాస్తావేమో. మన మంగళవారమే చూడు.

మార్గశిరంలో పెద్దలు కూర్చుంటారు. ఈ తగవు అప్పుడు తేల్చేస్తామన్నారు. చచ్చినవాడి పెళ్ళానివో విడిచినవాడి పెళ్ళానివో తేలకుండా ఎన్నాళ్ళు ఉంటావని తాతారావు మావ అడిగాడు. వలసపోయినవాళ్ళ వాటాలో నాకేమీ రాదు, కర్మ అయితేనే నలుగురూ తలా ఇంత వేస్తారు. దాని గురించి కాదు నా బాధ. పొద్దున్న లేచి ఎవరి కోసం ఏడవాలో, ఎవర్ని తిట్టుకోవాలో తెలీకుండా ఉంది. ఒకరోజు ఏడుస్తాను, ఒకరోజు తిడతాను. అత్త నేను తిట్టిన రోజు అన్నం ముట్టదు.

త్వరగా చూడరా.

బుల్లమ్మ

---

బొంబాయి,
4 డిసెంబరు 1968

అప్పా,

దొరికింది.

నీకు ఏదీ దాచలేదు, దాచను. ఎనిమిదో తేదీ మంగళవారం పొద్దున్న మన గంటల్లో తొమ్మిదిన్నరకి తీసిన ఫొటో అది. లండన్ గంట వేరైనా ఆ వేళకి రోజు ఒకటే, వాళ్ళకీ మంగళవారమే, మనకీ మంగళవారమే. ఆ విషయంలో అనుమానం పెట్టుకోకు. రెండుసార్లు సరిచూశాను.

కళింగపట్నం నుంచి పూరీ దాకా సముద్రం నల్లగా, శుభ్రంగా ఉంది. తుడిచిన పలకలా ఉంది. మబ్బు ఉందిగాని ఎక్కడో దక్షిణాన, కాగితం అంచున చిన్న మరక. మా ఆఫీసరుకి చూపించాను. ఆ రోజు పొద్దుగూకేలోపల అది ఇటు రాలేదు, ఈ నీళ్ళలో పడవ మునిగే గాలి లేదు అన్నాడు. మర్నాటి ఫొటో దాని చోట లేదు, ఎవరో ఆఫీసరు చూడ్డానికి తీసుకున్నట్టున్నాడు. దానితో మనకి పని లేదు. సాయంత్రానికే వాళ్ళు గోపాలపురం ఒడ్డు ఎక్కేసి ఉంటారు కదా.

బావ మునిగిపోలేదప్పా. నాకు ఎంత తేలికగా ఉందో చెప్పలేను. ఎక్కడో ఉన్నాడు. నీ మీద కోపం పట్టుకుని కూర్చున్నాడు. మగాడి పంతం కదా, కొన్నాళ్ళకి దిగుతుంది. కటకంలో మా ఆఫీసువాళ్ళు ఉన్నారు, నేను ఉత్తరం రాసి వాకబు చేయిస్తాను. అత్తకి చెప్పు, కర్మ మాట ఎత్తవద్దని. బతికున్నవాడికి కర్మ చేస్తే ఎంత అపచారం.

సంతోషంగా అన్నం తిను.

నారాయణమూర్తి

---

ఇసకపాలెం,
2 జనవరి 1969

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చిన రోజున నిజంగానే అన్నం తిన్నాను. తిని చెయ్యి కడుక్కుంటూంటే అప్పుడు తెలిసింది, సంతోషించడానికి ఏముందని. చచ్చిపోలేదు అంటే నన్ను వదిలేశాడు అనే కదా. ఉత్తరం లేదు, కబురు లేదు. కన్నతల్లి మంచాన ఉందని తెలిసీ రాలేదు. నువ్వు మగాడి పంతం అని తేలిగ్గా రాసేశావు. ఆ పంతం దెబ్బలు పడేది నా వీపు మీద.

పెద్దలు కూర్చున్నారు. నీ ఉత్తరం బడిపంతులు చేత చదివించారు. ఆకాశం నుంచి ఫొటో తీసి చూసి రాశాడంటే అందరూ తలలూపారు. తాతారావు మావ చిన్నతల్లిని బారువ నుంచి పిలిపించి, నావ ఎప్పుడు లేచిందో చెప్పమన్నాడు. అది పట్నం వైపు పెరిగింది, దానికి మన పద్ధతులు తెలీవు. "బుధారం పొద్దున్న" అనేసింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి చెవులు మూసుకున్నారు. గున్నమ్మ ముసలమ్మ దాన్ని చెడామడా తిట్టింది. "గంగ మీదకెల్లి రానోడి రోజు పేరెత్తుతావేటే? ఎత్తితే ఆ రోజు మళ్ళా ఒకడ్ని అడుగుతాది. ముందు రోజు పేరు సెప్పాలని నీకు మీ అమ్మ నేర్పలేదేటి?" అంది. పాపం చిన్నతల్లి ఏడ్చేసింది. నేను నీకు రాసేటప్పుడు కూడా ఎంత జాగ్రత్తగా ముందు రోజు పేరే రాశానో. నీకు చెప్పక్కర్లేదు కదా, మన ఇంటి ఆడవాళ్ళు నాన్న పోయిన రోజుని కర్మ అయ్యేదాకా శుక్రవారమే అన్నారు.

అసలు సంగతికి వస్తాను. పెద్దలు నన్ను అడిగారు, ఏం చేస్తావని. నాకు ఒళ్ళు మండిపోయింది. తెగతెంపులకి తాటాకు ఈనె తెమ్మన్నాను. అందరి ముందూ విరిచి ఒక ముక్క సముద్రం వైపు, ఒక ముక్క ఊరి వైపు విసిరేశాను. పుస్తె తీసి తాతారావు మావ చేతిలో పెట్టేశాను. ఇక మీ బావ ఎవరో నేనెవరో. ఆయన బట్టలు గంగులుకి ఇచ్చేశాను.

అత్త అక్కడే ఉంది. నా కాళ్ళకి అడ్డం పడింది. "ఒసే, నా కొడుకు నీళ్ళల్లో ఉన్నాడే. నా కడుపు సెప్తన్నాది. ఫొటోకేటి తెలుస్తాది?" అని ఏడ్చింది. నేను ఆవిడని తోసేసి వచ్చేశాను. ఇప్పుడు అమ్మ పోయేదాకా ఉన్న పాకలో ఉంటున్నాను. ఫిబ్రవరిలో సాలూరు పోదామనుకుంటున్నాను. కటకంలో వాకబు మానెయ్యి. దొరికినా నాకు చెప్పకు.

బుల్లమ్మ

---

బొంబాయి,
11 జనవరి 1969

అప్పా,

ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోకు. తలుపు వేసుకుని నువ్వే చదువు.

నాకు తెలీదప్పా. ముందు రోజు పేరు చెప్తారన్న మాట నాకు తెలీదు. ఏడేళ్ళకే విజయనగరం హాస్టల్లో పడేశారు నన్ను. సెలవులకి వస్తే మగాళ్ళ మధ్య ఉండేవాణ్ణి. నాన్న శుక్రవారం పోయాడనే ఈనాటిదాకా అనుకుంటున్నాను. నువ్వు మంగళవారం అంటే నేను మంగళవారమే వెతికాను.

నీ ఉత్తరం పూర్తిచెయ్యకుండానే రికార్డు గదికి పరిగెత్తాను. తొమ్మిదో తేదీ ఫొటో ఇంకా దాని చోటికి రాలేదు. ఎవరు తీసుకున్నారో చీటీ లేదు. పెట్టెలన్నీ దింపాను, లేదు. మా ఆఫీసరే అడిగాడు, తుఫానుల పెట్టె చూశావా అని. పెద్ద గాలివానలు పట్టిన ఫొటోల్ని తేదీ వరస నుంచి తీసి వేరే పెట్టెలో పెడతారు, చదువుకునేవాళ్ళకి వీలుగా ఉంటుందని. వాటి మీద తేదీ వెనక్కి పోయి తుఫాను నంబరు ముందుకొస్తుంది. అక్కడుంది. కవరు విప్పి దీపం కిందకి తీసుకెళ్ళాను.

అప్పా, బుధవారం పొద్దున్న బారువకీ గోపాలపురానికీ మధ్య సముద్రం లేదు. ఉన్నది తెల్లటి ముద్ద. మంగళవారం కాగితం అంచున చిన్న మరక అని రాశానే, అదే. ఒక్క రోజులో పైకి వచ్చి, సుడి తిరిగి, ఒడ్డుకి కాస్త దూరంలో నీళ్ళ మీదే విడిపోయింది. ఒడ్డు మీదకి రాలేదు గనక ఎవరికీ గుర్తులేదు. ఒడ్డున వాన పడి ఊరుకుంది. దాని కింద ఉన్న నావ నిలవదని ఆఫీసరు అన్నాడు. రెండు రోజుల ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసి అప్పుడు అన్నాడు.

బావ నిన్ను వదల్లేదు. కటకం వెళ్ళలేదు. ఆ మనిషి దగ్గరికి వెళ్ళలేదు. గోపాలపురమే చేరలేదు. కోపంలో అన్న మాట నోట్లో ఉండగానే నీళ్ళలో పడిపోయాడు. అత్త చెప్పింది నిజం.

నేను ఆ ఉత్తరం ఎంత నమ్మకంగా రాశానో తలుచుకుంటే చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది. బావ మునిగిపోలేదని రాశాను. ఫొటో చెప్పింది అది కాదు, మంగళవారం మబ్బు లేదని మాత్రమే చెప్పింది. మిగిలింది నా ఆశ.

పెద్దలకి చెప్పు. నా పేరు చెప్పి నన్నే తిట్టమను. సెలవు అడిగాను, నెలాఖరుకి గాని ఇవ్వరు. వస్తాను. నువ్వు మాత్రం ఏమీ చేసుకోకు అప్పా. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.

నారాయణమూర్తి

---

ఇసకపాలెం,
3 ఫిబ్రవరి 1969

తమ్ముడూ,

నువ్వు రావద్దు. వచ్చినా ఇక్కడ చెయ్యడానికి ఏమీ లేదు, అంతా అయిపోయింది.

నీ ఉత్తరం చదివి అత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేపలు ఎండబెడుతోంది. ఎదురుగా కూర్చున్నాను. నా మొహం చూసి ఆవిడే, "తెలిసిందేటి?" అంది. తల ఊపాను. ఆవిడ ఏడవలేదు. ఆవిడ ఏడుపు ఎప్పుడో అయిపోయింది. చేపలు తిరగేస్తూ, "ఎండ తగ్గిపోతాది, అటేపు తట్ట అందుకో" అంది. అందుకున్నాను. ఇద్దరం కలిసి అన్నీ తిరగేశాం. ఆ రోజు ఆవిడని తోసేసిన చేతులే ఇవి.

పెద్దల దగ్గరికి ఆవిడే తీసుకెళ్ళింది. నీ రెండో ఉత్తరం కూడా పంతులు చదివాడు. కర్మ చెయ్యడానికి అందరూ ఒప్పుకున్నారు. నా సంగతి వచ్చేసరికి అందరూ కులపెద్ద వైపు చూశారు. తాతారావు మావ చెడ్డవాడు కాదు, నీకు తెలుసు. తల వంచుకుని, "ఇరిసీసిన ఈనె అతకదు తల్లీ. ఆడు బతికుంటే మళ్ళా ముడెయ్యించీవోళ్ళం. సచ్చినోడికి ఎలాగ ముడెయ్యిస్తాం? నువ్వు ఆడికేటీ కావు మరి" అన్నాడు. అత్త పోట్లాడింది. తన కోడలే అంది, తెలీక చేసింది అంది. ఎంతమంది తెలీక చేస్తే అంతమందికీ ముడి విప్పి ముడెయ్యలేం కదా అన్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఊరుకోమన్నాను.

మొన్న బుధవారం చేశారు. ఇప్పుడు ఆ రోజు పేరు ఎత్తవచ్చు. గడ్డి బొమ్మ చేశారు. దానికి తొడగడానికి ఆయన చొక్కా ఇంట్లో ఒక్కటీ లేదు, గంగులు ఇంటి నుంచి అడిగి తెచ్చారు. గంగులు దాన్ని ఉతికి మడతపెట్టి ఇచ్చాడు. బొమ్మ నోట్లో బియ్యం పెళ్ళాం వెయ్యాలి. అత్త వేసింది. నేను చేపలు కొనడానికి వచ్చే షావుకార్లు నించునే మెట్ట మీద నించున్నాను. అంతకంటే దగ్గరికి రానివ్వరు. అక్కణ్ణుంచి బొమ్మ మొహం కూడా కనిపించలేదు. నీళ్ళలోకి తోస్తున్నప్పుడు ఆడవాళ్ళందరూ అత్త చుట్టూ చేరి ఏడ్చారు. నా పక్క ఎవరూ లేరు. వాళ్ళ తప్పు కాదు, నాకు వచ్చి పట్టుకునే వరస లేదు వాళ్ళకి.

నిన్ను తిట్టాలని చాలాసార్లు కాగితం తీశాను. ఇంట్లో పుట్టినవాడికి ఇంటి మాట తెలీకపోవడం ఏమిటని. మళ్ళీ అనుకున్నాను, రాసింది నేనే. రోజు పేరు ఎత్తితే ఇంకొకరు పోతారని భయపడ్డాను గాని, ఎత్తకపోతే ఈయన ఇంకోసారి పోతాడని అనుకోలేదు. మూడు నెలలు చచ్చినవాణ్ణి నిలబెట్టి తిట్టానురా. పొద్దున్న లేచి పొయ్యి రాజేస్తూ తిట్టేదాన్ని. నీళ్ళు తోడుతూ తిట్టేదాన్ని. ఇప్పుడు తిట్టడానికి లేదు, ఏడవడానికి లేదు.

సాలూరు వెళ్ళడంలేదు. అత్త ఒక్కత్తే ఉంది, ఆవిడ దగ్గరికి మారిపోయాను. ఏ వరసన ఉంటున్నావని ఆవిడ అడగలేదు. కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయకు. నీ మీద కోపం కాదు. నీ చేతి రాత కవరు మీద చూస్తే విప్పబుద్ధి కావడంలేదు. నాకు నేనే రాస్తాను, అప్పుడు రాయి. తిండి మానకు.

కర్మ నాటి సాయంత్రం ముసలమ్మలు పోయినవాడి పెళ్ళాన్ని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి గాజులు పగలగొడతారు. వాళ్ళు వస్తారేమోనని చీకటి పడేదాకా గుమ్మంలో కూర్చున్నాను. ఎవరూ రాలేదు. నా గాజులు చేతులకే ఉన్నాయి.

అప్ప